కార్డు తీస్తే చార్జింగ్ బంద్: హనుమకొండ, వరంగల్ హోటల్ గదుల్లో టెక్నాలజీ ఎవరికి పనికొస్తోంది?

తలుపు తీయగానే గోడకు చిన్న డబ్బా కనిపిస్తుంది. అందులో కార్డు పెడితేనే లైట్లు, ఏసీ, ప్లగ్గులు, గీజర్. లాప్‌టాప్ చార్జింగ్‌కు పెట్టి, కార్డు తీసుకుని రాత్రి భోజనానికి కిందికి పోతే అర నిమిషంలో గది మొత్తం ఆరిపోతుంది. చార్జింగ్ కూడా అక్కడికే ఆగుతుంది. ఆ సంగతి తెలిసేది మర్నాడు పొద్దున కాజీపేటలో రైలెక్కాక, బ్యాటరీ 14 శాతం చూపించినప్పుడు.

క్యాంపు మీద వచ్చేవాళ్ళకు హోటల్ గదిలోని టెక్నాలజీ ఎంతవరకు అక్కరకొస్తోందో చూడటానికే ఈ సమీక్ష. ఎంజీఎం ఆసుపత్రి చుట్టూ తిరిగే మెడికల్ రెప్‌లు, విత్తన కంపెనీల ఫీల్డ్ ఆఫీసర్లు, ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి కొనుగోలుదారులు, బ్యాంకు ఆడిటర్లు, టెక్స్‌టైల్ పార్కులో మిషన్లు బిగించే ఇంజినీర్లు, నిట్‌కు పరీక్షల పని మీద వచ్చే ప్రొఫెసర్లు మా దృష్టిలో ఉన్నారు. నక్కలగుట్ట, హనుమకొండ చౌరస్తా, హంటర్ రోడ్డు, రెండు రైల్వే స్టేషన్ల దగ్గర రోజుకు 1,500 నుంచి 4,500 రూపాయల మధ్య దొరికే గదుల గురించే ఇదంతా. హోటళ్ళ పేర్లు రాయడం లేదు. ఒకే హోటల్లో రెండో అంతస్తు మూల గదికీ నాలుగో అంతస్తు లిఫ్టు పక్క గదికీ ఉండే తేడా ఒక్కోసారి రెండు హోటళ్ళ మధ్య కూడా ఉండదు.

ముందు ఆ డబ్బా సంగతి. ఇవి రెండు రకాలు. చవక రకంలో లోపల చిన్న స్విచ్చు మాత్రమే ఉంటుంది. దాన్ని ఏ కార్డు నొక్కినా చాలు, మందపాటి విజిటింగ్ కార్డు కూడా పనిచేస్తుంది. రెండో రకం కార్డులోని చిప్పును చదువుతుంది, ఆ హోటల్ కార్డు తప్ప ఇంకేదీ ఒప్పుకోదు. మీ గదిలో ఏ రకం ఉందో తెలియాలంటే పాత ఐడీ కార్డు ఒకటి పెట్టి చూడండి, వెంటనే తేలిపోతుంది. రెండో రకమైతే చెకిన్ అప్పుడే రెండో కార్డు అడగాలి. ఇద్దరి పేరున గది తీసుకుంటే మామూలుగా ఇస్తారు, ఒక్కరైతే కొంచెం నసుగుతారు. ఫ్రిజ్ ఉన్న గదిలో ఇంకో దారి ఉంది. ఫ్రిజ్ లైను చాలాచోట్ల ఈ డబ్బాతో సంబంధం లేకుండా నేరుగా వేస్తారు, లేకపోతే లోపలి నీళ్ళ సీసాలు వేడెక్కిపోతాయి. ఫ్రిజ్ వెనక బోర్డులో రెండో ప్లగ్గు ఖాళీగా ఉంటే లాప్‌టాప్ చార్జర్‌కు అదే చోటు.

హోటల్ వాళ్ళ వైపు న్యాయం లేకపోలేదు. మే నెలలో గదిలో ఎవరూ లేకుండా ఏసీ రోజంతా నడిస్తే కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? రెండో కార్డు డబ్బాలో వదిలి వెళ్ళేవాళ్ళు ఏసీ ఆపి వెళ్ళడం మర్యాద. కానీ టేబుల్ దగ్గర ఒక్క ప్లగ్గును ఫ్రిజ్ లైనుకు కలపడం ఎలక్ట్రీషియన్‌కు పెద్ద పనేమీ కాదు. బాత్రూంలో ఎల్‌ఈడీ అద్దానికి ఖర్చుపెట్టిన హోటల్ ఈ పని చేయించకపోవడమే మా ఫిర్యాదు.

తలుపు తాళం విషయంలో రిసెప్షన్‌లో వినిపించే మాట ఒకటుంది: "కార్డు ఫోన్ పక్కన పెట్టారా సార్?" నల్ల గీత ఉన్న పాత అయస్కాంతపు కార్డుల కాలంలో అది నిజమే. ఇప్పుడు ఎక్కువచోట్ల ఉన్నవి చిప్పు కార్డులు, ఫోన్ పక్కన పెడితే వాటికి ఏమీ కాదు. తలుపు తెరుచుకోకపోవడానికి అసలు కారణాలు వేరే ఉంటాయి. కార్డులో చెకౌట్ సమయం రాసి ఉంటుంది. మీరు ఇంకో రోజు ఉంటానని చెప్పి డబ్బులు కట్టినా, కార్డును మళ్ళీ మిషన్ మీద పెట్టి రాయకపోతే ఆ టైముకు అది చచ్చిపోతుంది. 24 గంటల చెకౌట్ అని బోర్డు పెట్టిన చోట ఇది ఇంకా ఎక్కువ. మీరు పొద్దున ఐదింటికి దిగితే మర్నాడు ఐదింటి దాకా గది మీదే, కానీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను మధ్యాహ్నం 12 అని వేసుకుంటుంది. ఇంకో కారణం రెండో కార్డు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాటు. కాపీ తీయాల్సింది పోయి కొత్త కార్డు చేస్తే, ఆ కొత్తది తాళానికి తగలగానే పాతది రద్దవుతుంది. అందుకే రెండు కార్డులూ చేతికొచ్చాక రెండింటితోనూ తలుపు తీసి చూసి, ఆ తర్వాతే బ్యాగు లోపల పెట్టండి. కార్డు పెట్టినప్పుడు ఎర్ర లైటు పదేపదే వెలుగుతూ తలుపు ఆలస్యంగా తీసుకుంటోందంటే తాళంలో బ్యాటరీలు అయిపోవస్తున్నాయని అర్థం. ఈ తాళాల్లో ఎక్కువ వాటికి నాలుగు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. రాత్రి పదకొండింటికి బయట నిలబడే కంటే సాయంత్రమే చెప్పి మార్పించుకోవడం నయం.

ఇక వైఫై. "ఉచిత హైస్పీడ్ వైఫై" అని లేని బోర్డు లేదు. హోటల్ దాకా వచ్చే ఫైబర్ లైనులో సాధారణంగా లోపం ఉండదు. అది రిసెప్షన్ నుంచి మీ టేబుల్ దాకా రావడంలోనే తంటా. హోటల్ గది ప్లాను ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోండి: కారిడార్, తలుపు, తలుపు పక్కనే బాత్రూం, ఆ తర్వాత మంచం, చివర కిటికీ కింద టేబుల్. వైఫై డబ్బా కారిడార్ సీలింగ్‌కు ఉంటుంది. సిగ్నల్ టేబుల్ దాకా రావాలంటే టైల్స్ వేసిన రెండు బాత్రూం గోడలు, మధ్యలో నీళ్ళ పైపులు, పెద్ద అద్దం దాటాలి. వైఫై రెండు రకాల తరంగాల మీద వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ రకం అక్కడికే నీరసపడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రకం గోడలు దాటుతుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డం రాని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. చౌరస్తా చుట్టుపక్కల లాడ్జీలు, కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అన్ని రౌటర్లూ ఆ మూడు ఛానెళ్ళ మీదే అరుచుకుంటుంటాయి.

గది ఒప్పుకునే ముందు రెండు నిమిషాల పని ఒకటి ఉంది. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ ఆప్ ఏదైనా తెరిచి, టేబుల్ దగ్గర నిలబడి సిగ్నల్ అంకె చూడండి. మైనస్ 65 గానీ అంతకంటే మంచిది (మైనస్ 60, 55) గానీ ఉంటే వీడియో కాల్‌కు ఢోకా లేదు. మైనస్ 75 దగ్గర మాట తెగుతుంటుంది. 80 దాటితే ఆ గదిలో వైఫై లేనట్టే లెక్క. తర్వాత స్పీడ్ టెస్టులో పెద్దగా కనిపించే డౌన్‌లోడ్ అంకెను వదిలేసి అప్‌లోడ్ చూడండి. ఒక మనిషి హెచ్‌డీ వీడియో కాల్‌కు అటూ ఇటూ మూడేసి ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. డౌన్‌లోడ్ 40 వచ్చి అప్‌లోడ్ 1 దగ్గర ఊగుతుంటే మీరు అందరినీ చక్కగా చూస్తారు, మీ ముఖం మాత్రం వాళ్ళకు బిగుసుకుపోయి కనిపిస్తుంది. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి చేస్తే లాభం లేదు, హోటల్ అప్పుడు ఖాళీగా ఉంటుంది. అసలు రద్దీ రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా. మెడికల్ రెప్‌లు డీసీఆర్ (ఆ రోజు కలిసిన డాక్టర్ల రిపోర్టు) నింపేదీ, పెళ్ళికి వచ్చిన కుటుంబాలు పిల్లలకు యూట్యూబ్ పెట్టేదీ ఒకే వేళలో.

స్పీడు ఎప్పుడు చూసినా సరిగ్గా 2 దగ్గరే ఆగుతోందంటే అది సిగ్నల్ లోపం కాదు. రౌటర్‌లో ఒక్కో ఫోనుకు అంతేనని హద్దు పెట్టి ఉంటారు. కౌంటర్లో అడిగితే వేరే వోచర్ (లాగిన్ కోడ్) ఇచ్చే వీలు చాలాచోట్ల ఉంది, ఎవరూ అడగరు కాబట్టి వాళ్ళూ చెప్పరు.

లాగిన్ పేజీ తెరుచుకోకపోవడం ఇంకో గోల. హోటల్ రౌటర్ మిమ్మల్ని తన పేజీకి మళ్ళించగలిగేది తాళం గుర్తు లేని మామూలు వెబ్ అడ్రసులనే. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళం ఉన్నవే కావడంతో బ్రౌజర్ తెల్లగా తిరుగుతూ కూర్చుంటుంది. ముందు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు రహస్య దారి వేసే ఆప్) ఆపండి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' అనేదాన్ని కూడా ఆపండి. తర్వాత వైఫై వివరాల్లో 'గేట్‌వే' అని కనిపించే అంకెలను బ్రౌజర్‌లో టైప్ చేయండి. పదిలో ఎనిమిదిసార్లు పేజీ వచ్చేస్తుంది. రెండే పరికరాలకు అనుమతి ఉన్న చోట ఒకే ఫోన్ రెండుగా లెక్కకు రావడం కూడా ఉంది. ఫోన్లు ఇప్పుడు తమ అసలు మ్యాక్ అడ్రస్ (పరికరం గుర్తింపు నంబరు) దాచి నకిలీది చూపిస్తాయి, ఆ నకిలీ మారితే రౌటర్ కొత్త ఫోన్ వచ్చిందనుకుంటుంది. ఆ నెట్‌వర్క్ వరకు ఆ దాపరికం తీసేస్తే సరిపోతుంది. ఇంకా సులువు, లాప్‌టాప్‌ను వైఫై మీద, ఫోన్‌ను సొంత డేటా మీద ఉంచుకోవడం.

ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ అయినట్టే ఉండి షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోకపోతే ఐటీ వాళ్ళకు ఫోన్ చేసే ముందు మీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్ మీ లాప్‌టాప్‌కు ఇచ్చిన నంబరు) చూడండి. హోటల్ వాళ్ళూ 192.168.1 తో మొదలయ్యే అంకెలే వాడి, మీ ఆఫీసూ అవే వాడితే, లాప్‌టాప్‌కు ఏ ఇంటి తలుపు తట్టాలో తెలియదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు మారగానే పని అవుతుంది. వీపీఎన్ అసలు కనెక్టే కాకపోతే హోటల్ ఫైర్‌వాల్ (నెట్ కాపలా) వీపీఎన్ వాడే దారులను, అంటే యూడీపీ 500, 4500 పోర్టులను, మూసి ఉండొచ్చు. మామూలు వెబ్‌సైట్ల దారి అయిన 443 మీద నడిచే ఎస్‌ఎస్‌ఎల్ వీపీఎన్ ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు.

ఒక్క విషయంలో మాత్రం హోటల్‌ను తిట్టకండి. గదిలో టీవీకి ఫోన్ నుంచి వీడియో పంపలేకపోతే, అది అతిథుల పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా పెట్టిన రక్షణ. దానికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితే భయపడాల్సింది. లాప్‌టాప్‌లో 'నెట్‌వర్క్' తెరిస్తే పక్క గది వాళ్ళ ఫోల్డర్లు, రిసెప్షన్ ప్రింటరు వరుసగా కనిపిస్తే, ఆ వైఫై మీద బ్యాంకు పని పెట్టుకోవద్దు.

జనరేటర్ ఉందా అని అందరూ అడుగుతారు, అందరికీ ఉందనే జవాబు వస్తుంది. అడగాల్సిన ప్రశ్న అది కాదు: "కరెంటు పోతే వైఫై ఆగుతుందా?" ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలి లేచిందంటే ఓరుగల్లులో కరెంటు పోవడం కొత్త కాదు. జనరేటర్ అందుకోవడానికి పది నుంచి ముప్ఫై సెకన్లు. లైట్లకు అది పెద్ద లెక్క కాదు. కానీ ఫైబర్ డబ్బా, రౌటర్, అంతస్తుకొకటి ఉండే స్విచ్చు, సీలింగ్‌లోని వైఫై డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ లేవాలి. అంతా కుదుటపడేసరికి మూడు, నాలుగు నిమిషాలు. జనరేటర్ నుంచి మళ్ళీ లైను కరెంటుకు మారేటప్పుడు ఇంకోసారి అదే తంతు. ఈ పరికరాలన్నీ తినే కరెంటు ఒక సీలింగ్ ఫ్యాన్‌కు కాస్త అటూ ఇటూ. రిసెప్షన్ కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టినవాళ్ళు, అంతస్తు స్విచ్చులకు మాత్రం పెట్టరు. వాన కాలం ముందు ముఖ్యమైన మీటింగ్ ఉంటే హాట్‌స్పాట్ ఆన్ చేసి సిద్ధంగా పెట్టుకోండి, లాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ముందే ఎక్కించి ఉంచండి.

ప్లగ్గుల దగ్గరికొస్తే, మంచం పక్క దీపానికి యూఎస్‌బీ రంధ్రం పెట్టి దాన్ని సౌకర్యాల జాబితాలో రాస్తున్నారు. వాటిలో ఎక్కువ భాగం ఇచ్చేది 5 నుంచి 10 వాట్లు. ఫోన్‌కు రాత్రంతా పడుతుంది. 45, 65 వాట్ల లాప్‌టాప్ దాన్ని పట్టించుకోను కూడా పట్టించుకోదు. టేబుల్ దగ్గర ఉన్న ఒక్క ప్లగ్గు వదులైపోయి, రెండు పిన్నుల చార్జర్ బరువుకు జారి వేలాడుతుంటుంది. దాన్ని తీసి మూడు పిన్నుల చార్జర్ వాడితే నిలబడుతుంది. టీ కెటిల్‌కో ఇస్త్రీపెట్టెకో ఇచ్చిన 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఒక్కటే ఖాళీగా ఉంటే మామూలు చార్జర్ అందులో సరిగ్గా కూర్చోకపోవచ్చు. మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు బ్యాగులో ఉంటే ఈ పేరా మొత్తం మీకు అనవసరం.

గీజర్ కూడా ఆ కార్డు డబ్బా కిందే ఉంటుంది. 15 లీటర్లు, 2 కిలోవాట్ల గీజర్‌లో నీళ్ళు 30 డిగ్రీలు వేడెక్కాలంటే కనీసం పదహారు నిమిషాలు. "వేడినీళ్ళు రావట్లేదు" అని కిందికి ఫోన్ చేసేవాళ్ళు చాలాసార్లు ఐదు నిమిషాలకే చేస్తారు.

స్మార్ట్ టీవీ గురించి రాయడానికి పెద్దగా లేదు. ముందు దిగినవాళ్ళ యూట్యూబ్ ఖాతా అలాగే తెరిచి ఉంటుంది. మీరూ లాగిన్ అయితే వెళ్ళేటప్పుడు తీసేయండి. స్లైడ్లు పెద్ద తెర మీద చూసుకుందామని హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చుకుంటే, హోటల్ మోడ్‌లో (అతిథులు సెట్టింగులు మార్చకుండా పెట్టే తాళం) ఆ ఇన్‌పుట్ మూసేసి ఉండొచ్చు. రూమ్ బాయ్‌ని అసలు రిమోట్ అడగండి, దాంతో మారుతుంది.

వరంగల్ హోటళ్ళలో నిజంగా పనిచేసే టెక్నాలజీ వాట్సాప్. టవల్, టీ, ఇస్త్రీ, ఆటో ఏది కావాలన్నా రిసెప్షన్ నంబరుకు మెసేజ్ పెడితే నాలుగు నిమిషాల్లో "ఓకే సార్" వస్తుంది. రాతపూర్వకంగా ఉంటుంది కాబట్టి తర్వాత కాదనలేరు. గదిలో టాబ్లెట్ పెట్టి, దాని ఆప్‌లో ఆర్డరివ్వమనే చోట కంటే ఇది ఎంతో మేలు. ఆ టాబ్లెట్ చార్జింగ్ కూడా కార్డు డబ్బా కిందే ఉంటుంది మరి. క్యూఆర్ మెనూ మాత్రం నమ్మొద్దు, అందులో పాత రేట్లుంటాయి. ఆర్డరుకు ముందు అడిగి తెలుసుకోండి. అదే వాట్సాప్‌కు ఆధార్ ఫొటో పంపమంటే మాత్రం ఆలోచించండి. అది తరచూ ఎవరో ఉద్యోగి సొంత ఫోను. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులో మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, దాన్ని చూపించండి, లేదా డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వండి.

ఆన్‌లైన్‌లో బుక్ చేసి వస్తే "మాకు రాలేదు సార్" అనే మాట ఇంకా పోలేదు. బుకింగ్ ఆప్ నుంచి హోటల్ సాఫ్ట్‌వేర్‌కు నేరుగా దారి లేని చోట, ఎవరో కూర్చుని చేత్తో ఎక్కించాలి. రాత్రి పదింటికి బుక్ చేసినది పొద్దున ఐదింటికి ఎక్కి ఉండకపోవచ్చు. బుక్ చేయగానే హోటల్‌కు ఒక మెసేజ్ పెట్టి గది నంబరుతో జవాబు తెప్పించుకోండి. ఇంకోటి: ఆప్‌లో 'వరంగల్' అని కొడితే హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిపి చూపిస్తుంది. మడికొండ ఐటీ పార్కులో పని ఉన్నవాళ్ళు కాజీపేట వైపు, టెక్స్‌టైల్ పార్కుకో ఎనుమాములకో పోయేవాళ్ళు వరంగల్ వైపు చూసుకోవాలి. పిన్‌కోడ్ చూడండి: 506001 హనుమకొండ, 506002 వరంగల్, 506003 కాజీపేట. మేడారం జాతర రోజుల్లో ఈ లెక్కలేవీ పనిచేయవు, ఏ గది దొరికితే అదే.

చివరికి అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి తెచ్చేది బిల్లు. గది బాగోకపోతే ఒక రాత్రి బాధ, బిల్లు తప్పయితే టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు నెలల తరబడి తిరుగుతుంది. కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు చెకిన్ అప్పుడే ఇవ్వండి, కాగితం మీద రాసి ఇవ్వడం కంటే వాట్సాప్‌లో పంపితే టైపింగ్ తప్పులు తగ్గుతాయి. నంబరు 15 అక్షరాలు: మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్ (తెలంగాణ 36), తర్వాతి పది కంపెనీ పాన్. సున్నాకూ 'ఓ' అక్షరానికీ మధ్య జరిగే పొరపాటే ఎక్కువ.

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్‌లో పాత రేటే మిగిలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి లెక్క చూసుకోండి: 3,000 గదికి 75 సీజీఎస్టీ (కేంద్రం వాటా), 75 ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా), మొత్తం 3,150. మీ కంపెనీ ముంబైలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా హోటల్ గదికి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే పన్ను) వేయకూడదు. హోటల్ ఉన్న చోటే సేవ జరిగినట్టు చట్టం లెక్క. కాబట్టి తెలంగాణలో రిజిస్ట్రేషన్ లేని కంపెనీ ఈ పన్నును తిరిగి పొందే వీలు లేదు. అకౌంట్స్ వాళ్ళు "ఐజీఎస్టీ బిల్లు తెండి" అంటే హోటల్ వాళ్ళతో గొడవపడి లాభం లేదు. 36తో మొదలయ్యే నంబరు కంపెనీకి ఉంటే అదే ఇవ్వండి. పెద్ద హోటళ్ళు, అంటే టర్నోవర్ 5 కోట్లు దాటినవి, కంపెనీల పేరున ఇచ్చే బిల్లుకు ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తీయాలి, దాని మీద క్యూఆర్ ఉంటుంది. అది ఒకసారి నమోదయ్యాక రద్దు చేయడానికి 24 గంటలే గడువు. ఊరికి పోయి వారం తర్వాత "పేరు మార్చి పంపండి" అంటే అందుకే కుదరదు. ఆప్‌లో ముందే డబ్బు కట్టిన గదికి కౌంటర్లో బిల్లు ఇవ్వకుండా "ఆప్‌లోనే తీసుకోండి" అనొచ్చు. ఆప్ ఇచ్చేది ఒక్కోసారి దాని సర్వీసు చార్జీకి మాత్రమే. గది బిల్లు ఎవరిస్తారో బుకింగ్ రోజే తేల్చుకోవాలి. యూపీఐ కట్టేటప్పుడు తెర మీద హోటల్ పేరు వస్తోందా, ఓనరు గారి సొంత పేరు వస్తోందా చూడండి. రెండోదైతే ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది.

మొత్తం మీద మా మార్కులు: వాట్సాప్ సేవకు ఐదుకు నాలుగు, తాళాలకు మూడు, వైఫైకి రెండున్నర, బిల్లింగ్‌కు రెండు, ప్లగ్గులకు ఒకటి. టీవీని లెక్కలోకి తీసుకోలేదు.

తెల్లవారుజామున రైలున్నవాళ్ళు బిల్లు ముందురోజు రాత్రి పదిలోపే తీసుకోండి. అర్ధరాత్రి దాటాక సాఫ్ట్‌వేర్ ఆ రోజు లెక్క మూసి తేదీ మార్చుకునే పనిలో ఉంటుంది, కాసేపు బిల్లు రాదు. నాలుగున్నరకు కౌంటర్లో ఉండే నైట్ డ్యూటీ అబ్బాయికి గది తాళం తీసుకోవడం తెలుసు గానీ, బిల్లింగ్ పాస్‌వర్డ్ మేనేజర్ దగ్గరుంటుంది. మేనేజర్ వచ్చేది తొమ్మిదింటికి.